ఎవరీ అసాంఘిక శక్తులు?

ఏ తెలుగు పేపరు జిల్లా పేజీ తిప్పినా ఒక మాట ఎదురవుతుంది. అసాంఘిక శక్తులు. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం దగ్గరపడుతుంది, 'అసాంఘిక శక్తులపై నిఘా'. వినాయక నిమజ్జనం వస్తుంది, 'అసాంఘిక శక్తులపై ఉక్కుపాదం'. పీర్లు లేచే రోజులొస్తాయి, ఎన్నికల నోటిఫికేషనొస్తుంది, మళ్ళీ అదే మాట. వార్త మొత్తం చదివినా ఈ శక్తులెవరో తెలీదు. పేరుండదు, ఊరుండదు, వయసుండదు. చేసిన పని ఏమిటో ఉండదు. చేయబోయే పని మాత్రం రాసేవాడికీ చదివేవాడికీ ముందే తెలిసినట్టు వార్త నడిచిపోతుంది.

ఇది ఇంగ్లీషు నుంచి దిగిన మాట. పోలీసు ప్రెస్‌నోట్‌లో 'యాంటీ సోషల్ ఎలిమెంట్స్' అని ఉంటుంది. డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్ దాన్ని 'అసాంఘిక శక్తులు' అనో 'సంఘ విద్రోహ శక్తులు' అనో చేస్తాడు. ఉర్దూ పత్రికల్లో అదే 'సమాజ్ దుష్మన్ అనాసిర్' అవుతుంది. ఇంకాస్త ఆవేశమొస్తే 'షర్‌పసంద్ అనాసిర్' అవుతుంది. రెండు భాషల్లోనూ రాసుకు బతికేవాళ్ళం కనక ఈ మాట రెండు వేషాల్లోనూ మాకు బాగా ఎరుక.

ముందు ఈ మాట చేసే పనేమిటో చూద్దాం. దొంగ అంటే దొంగతనం చేసినవాడు. హంతకుడంటే హత్య చేసినవాడు. ఈ మాటల్లో ఒక పని ఉంది. ఆ పని చేశాడో లేదో అడగొచ్చు, సాక్షుల్ని పిలవొచ్చు. చెయ్యలేదని తేలితే ఆ మాట ఊడిపోతుంది. యాంటీ సోషల్ ఎలిమెంట్ అన్న మాటలో పని లేదు, స్వభావం ఉంది. స్వభావానికి సాక్ష్యం ఎక్కణ్ణుంచి తెస్తాం? లేదని ఎలా రుజువు చేస్తాం? పైగా అందులో మనిషి కూడా లేడు. ఎలిమెంటంటే మూలకం, మూలపదార్థం. ఉర్దూలో 'ఉన్సుర్', దాని బహువచనమే 'అనాసిర్'. మట్టి, నీరు, నిప్పు, గాలి ఇవి నాలుగు అనాసిర్ అని పాతకాలపు హకీములు చెప్పేవాళ్ళు. ఇవాళ ఆ లెక్కలో అయిదోది చేరింది. అది మా మొహల్లాలో ఉంటుంది.

తెలుగు చేసింది ఇంకా చిత్రం. బస్టాండులో జేబు కొట్టేవాణ్ణీ పేకాటలో దొరికిన ఆటోవాలానీ 'శక్తి'ని చేసింది. ఇంగ్లీషులో 'యాంటీ' అంటే వ్యతిరేకం, అంతే. మనవాళ్ళు దాన్ని 'విద్రోహం' చేశారు. నమ్మినవాణ్ణి వెన్నుపోటు పొడవటం విద్రోహం. సంఘ విద్రోహి అనేసరికి దేశద్రోహికి వేలు విడిచిన తమ్ముడైపోయాడు. ఇంకోవైపు ఈ మాట ఎంత చవకైపోయిందంటే, సగం కట్టి వదిలేసిన సర్కారీ భవనంలో నలుగురు కుర్రాళ్ళు చీకటిపడ్డాక మందు తాగితే అదీ 'అసాంఘిక కార్యకలాపాలకు అడ్డా'యే. సీసా తాగిపడేసినవాడికీ బాంబు పెట్టినవాడికీ ఒకే మాట వాడే భాష దేన్నీ వర్ణించటం లేదు. ఒక గీత గీస్తోంది. గీతకి ఇవతల సంఘం, అవతల వీళ్ళు.

'టెర్రరిస్టు'కి జరిగిన అనువాదం కూడా ఇలాంటిదే. ఇంగ్లీషులో టెర్రర్ అంటే భయం. అది ఎదుటివాడి గుండెలో పుట్టేది. ఉర్దూ 'దహ్‌షత్‌గర్ద్' ఆ భయాన్ని అలాగే ఉంచుకుంది. తెలుగు మాత్రం 'ఉగ్రవాది' అంది. ఉగ్రం ఎదుటివాడి గుండెలో ఉండేది కాదు, ఆ మనిషి ఒంట్లోనే ఉండేది. ఉగ్రనరసింహుడిలో ఉన్నది ఆ ఉగ్రమే. దేవుడికైతే అది అవతార విశేషం. సాయిబుకైతే పుట్టుకతో వచ్చిన జబ్బు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో తన దీర్ఘకవితకి 'పుట్టుమచ్చ' అని ఎందుకు పేరు పెట్టాడో ఈ అనువాదాలు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. పుట్టుమచ్చని ఎవడూ సంపాదించుకోడు, ఎవడూ కడుక్కోలేడు.

అలాగని నేరమంతా ఇంగ్లీషు మీదికి తోసెయ్యటం మా ఉద్దేశం కాదు. ఈ రకం మాటలు చాలా వరకు మన గడప దాటి వెళ్ళి, దొరల ముద్ర వేయించుకుని తిరిగొచ్చినవే. 1886లో అచ్చయిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు తిరగేస్తే ఠగ్గు, డెకాయిట్, లూట్, బద్మాష్, పిండారీ అన్నీ వరసగా ఇంగ్లీషు మాటలై కూర్చుని ఉంటాయి. హిందుస్తానీలో 'ఠగ్' అంటే మోసగాడు. 1836లో కంపెనీ ప్రభుత్వం ఠగ్గుల మీద చట్టం చేసింది. అందులో ముఖ్య విషయం ఏమిటంటే, ఫలానా హత్య చేశాడని రుజువు చెయ్యక్కర్లేదు, ఠగ్గుల ముఠావాడని తేలితే చాలు, యావజ్జీవం. పని నుంచి మనిషి మీదికి, మనిషి నుంచి గుంపు మీదికి శిక్ష జరగటం ఈ దేశపు చట్టంలో అక్కడ బాగా కుదురుకుంది. 1860 నాటి పీనల్ కోడ్‌లోకి 'డకైత్' డెకాయిటీ అయి ఎక్కాడు.

మా ఉత్తరాంధ్రకి బాగా తెలిసిన మాట ఇంకోటుంది. 'ఫితూరీ'. అరబ్బీ మూలం, ఫార్సీ ఉర్దూల మీదుగా వచ్చింది. మన్యంలో కొండవాళ్ళు తిరగబడినప్పుడల్లా మద్రాసు ప్రభుత్వ రికార్డులు దాన్ని ఫితూరీ అనే రాశాయి. 1879 రంప తిరుగుబాటు ఫితూరీయే. 1922-24లో అల్లూరి సీతారామరాజు చేసిందీ వాళ్ళ లెక్కలో ఫితూరీయే. ఆ మాట తెలుగు జనం నోట్లో నలిగి నలిగి పితూరీ అయింది. ఇప్పుడు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పటం పితూరీలు చెప్పటం. ఇక ఆ ఫితూరీదారు పేరు మీద 2022 ఏప్రిల్‌లో ఒక జిల్లాయే ఏర్పడింది. ముద్ర పడ్డవాడికి చరిత్ర న్యాయం చేస్తుందని దీన్ని చూపించి కొందరు మురిసిపోతారు. ఒక్క సీతారామరాజుకి చేసింది, నిజమే. ఆయన వెంట నడిచిన కోయ, కొండదొర పేర్లలో ఎన్ని మన నోటికొస్తాయి?

'కేడీ' సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. మన పల్లెల్లో ఆకతాయి కుర్రాణ్ణి 'కేడీ వెధవ' అంటారు. ముసలమ్మలు మనవణ్ణి ముద్దుగా కూడా అంటారు. అది తెలుగు కాదు. మద్రాసు పోలీసు స్టేషన్లలో 'నోన్ డెప్రిడేటర్' అని ఒక రిజిస్టరుండేది. 'తెలిసిన దోపిడీగాడు' అని అర్థం. పొడి అక్షరాల్లో కె.డి. తెలిసినవాడు అన్నారు గాని, తెలిసింది ఎవరికి, ఎలా తెలిసింది అన్న ప్రశ్న ఆ రిజిస్టరులో గడి లేనిది. స్టేషనుకి తెలుసు, అంతే.

ఆ తెలియటం వెనక ఉన్నది కులం. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులంది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఇచ్ఛాపురం, సోంపేట అప్పట్లో గంజాం జిల్లాలోవి. అక్కడి దండాసీలు ఈ ముద్ర కింద నలిగినవాళ్ళలో ఉన్నారు. వాళ్ళ వృత్తి ఏమిటో తెలుసా? ఊరి కాపలా. రాత్రుళ్ళు ఊరికి కాపలా కాసిన కులమే దొరల కాగితాల్లో దొంగల కులమైంది. ఊళ్ళో చీకటిదారులన్నీ వాడికి తెలుసు కాబట్టి వాడే దొంగ అన్న తర్కం, బాంబు పేలితే ముందు మొహల్లాకొచ్చే తర్కం, రెండూ ఒకటే. 1952లో ఆ చట్టం రద్దయింది. దాని చోట 'హ్యాబిచువల్ అఫెండర్స్' చట్టాలొచ్చాయి. పుట్టుక పోయి అలవాటొచ్చింది. మనుషులు మాత్రం చాలావరకు వాళ్ళే.

చట్టంలో ఇవాళ ఈ మాట ఎక్కడుందని ఎవరైనా అడగొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 110వ సెక్షన్ చివర్లో ఉండేది. విడిగా తిరగనిస్తే సంఘానికి ముప్పనిపించేంత తెగించిన ప్రమాదకరమైన మనిషిని పిలిచి పూచీకత్తు రాయించుకోవచ్చని దాని సారం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 129వ సెక్షన్‌గా అలాగే కూర్చుంది. జనం భాషలో దీన్నే బైండోవర్ అంటారు. ఎన్నికలొస్తే చాలు, తహసీల్దారు ఆఫీసు వరండాలో ఆధార్ కార్డులు పట్టుకుని వరసగా నిలబడేది ఈ ప్రమాదకరమైన మనుషులే. ఎక్కువమంది పనికి వెళ్ళాల్సినవాళ్ళు, ఆ పూట కూలి పోయినందుకు లోలోపల తిట్టుకుంటున్నవాళ్ళు. ఇక మన రాష్ట్రం 1986లో చేసిన నివారక నిర్బంధ చట్టం పేరే ఒక జాబితా. బూట్‌లెగ్గర్లు, డెకాయిట్లు, డ్రగ్ అఫెండర్లు, గూండాలు, వ్యభిచార వ్యాపారులు, భూకబ్జాదారులు. విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. జాబితాలో అందరికన్నా చివర ఉన్న భూకబ్జాదారు పేరు చూసి సంతోషించినవాళ్ళున్నారు. ఆ సంతోషం పూర్తిగా అనుభవించే అవకాశం వాళ్ళకి రాలేదు.

ఈ జాబితాలో మొదటి పేరు బూట్‌లెగ్గర్. ఈ ఇంగ్లీషు మాట వెనక ఉన్న మనిషి మొహం తెలుగు సాహిత్యానికి చూపించినవాడు మా శ్రీకాకుళంలో పుట్టిన రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఆయన విశాఖలో వకీలు. ప్రొహిబిషన్ రోజుల మీద 'ఆరు సారా కథలు' రాశాడు. అందులో 'మాయ' కథలో సారా కేసులో ముద్దాయి ముత్యాలమ్మ. పోలీసు కాగితాల్లో ఆమె నేరస్తురాలు, ఇవాళ్టి భాషలో యాంటీ సోషల్ ఎలిమెంట్. రావిశాస్త్రి చేసింది చాలా చిన్నపని లాగుంటుంది. ఆమెని మాట్లాడనిచ్చాడు. కోర్టులో కాదు, కోర్టు బయట, కుర్ర వకీలు ముందు. తన యాసలో, తన కోపంతో, కేసు ఎలా పుడుతుందో, ఎవరి చేతికి ఏం ముడుతుందో ఆమె చెప్పుకుపోతుంది. కథ ముగిసేసరికి బోనులో ఉన్నది ముత్యాలమ్మ అని పాఠకుడికి అనిపించదు. 'ఎలిమెంట్' అన్న మాట ఇంత మాట్లాడే మనిషి ముందు నిలవదు. అందుకే మన వార్తల్లో వాళ్ళు ఎప్పుడూ మాట్లాడరు. ప్రెస్‌మీట్‌లో వెనక వరసలో ముఖానికి ముసుగుతో నిలబడతారు, ముందు కుర్చీల్లో అధికారులు మాట్లాడతారు.

రావిశాస్త్రిని చదివి మెచ్చుకున్న తరం తెలుగు మధ్యతరగతి అదే చేత్తో పేపరు తీసి 'అసాంఘిక శక్తుల ఏరివేత' అన్న హెడ్డింగు చదివి తల పంకించింది. కథలో ముత్యాలమ్మ మనది, వీధిలో ముత్యాలమ్మ పోలీసులది. ఈ రెండు గదుల మధ్య తలుపు తెలుగు పాఠకుడు ఎప్పుడూ మూసే ఉంచాడు.

శ్రీకాకుళం పేరు చెబితే దేశమంతా తలుచుకునేది మరో సంగతి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ దగ్గర గిరిజన సంఘం మహాసభకి వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ కేసులో ముద్దాయిలు 1968లో నిర్దోషులుగా బయటికొచ్చారు. సవరలూ జాతాపులూ ఆయుధాలు పట్టారు. 1969లో ప్రభుత్వం ఏజెన్సీని 'డిస్టర్బ్‌డ్ ఏరియా'గా ప్రకటించింది. తెలుగులో 'కల్లోలిత ప్రాంతం'. ఈ వరస గమనించండి. కాల్చినవాళ్ళకి ఏ ముద్రా పడలేదు. కాల్పులు తిన్నవాళ్ళ కొండలు కల్లోలితమయ్యాయి. షావుకారు అప్పు కింద భూమి లాక్కున్నప్పుడు, పాలేరుకి ఏడాదంతా చేసినా బాకీ తీరనప్పుడు ఆ కొండలు ప్రశాంత ప్రాంతాలే.

అక్కడ ఇంకో విడ్డూరముంది. ఆ కొండవాళ్ళు తమ జీవితంలో మొదటిసారి కట్టుకున్నదాని పేరే 'సంఘం', గిరిజన సంఘం. సంఘం కట్టినందుకు సంఘ విద్రోహులయ్యారు. మరి ఏ సంఘానికి విద్రోహం? భాషలో ఈ ప్రశ్నకి జవాబు లేదు. షావుకారు ఉన్న సంఘమే సంఘం అన్నది చెప్పకుండా చెప్పుకున్న ఒప్పందం. (ఇవాళ దేశంలో 'సంఘ్' అన్న రెండక్షరాలకి వేరే అర్థం స్థిరపడింది. సంఘ వ్యతిరేకి అంటే ఎవరో, ఆ అర్థంలో చూస్తే మాకు ఇంకా త్వరగా తెలుస్తుంది.)

బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకులకథ కట్టి ఊరూరా పాడి, 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో చనిపోయాడు. ప్రభుత్వం దృష్టిలో ప్రమాదకరమైన మనిషి. సాహిత్యం ఆయన్ని కవిగానే నిలుపుకుంది, సంతోషం. ఎంత రాజ్యం ముద్ర వేసినా అక్షరం ఉన్నవాడికి ఆ ముద్ర కింద ఇంకో పేరు మిగులుతుంది. అక్షరం లేని సవరకి మిగలదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఈ మాట మా దగ్గరికి వచ్చేలోపు ఇంతమంది మీద వాడి పదును పెట్టారని. మా జిల్లాల్లో ముస్లింలం ఎంతమంది? 2011 లెక్కల్లో శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ నూటికి ఒక్కరం కూడా లేం. ఒకప్పుడు ఇది చికాకోల్ సర్కారు. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళం నడిబొడ్డున ఉంది. విజయనగరంలో ఖాదర్ వలీ బాబా దర్గాకి వచ్చేవాళ్ళలో హిందువులే ఎక్కువ కనిపిస్తారు. ఇంటి బయట మేం మాట్లాడే తెలుగు పక్కింటి కాపు, వెలమ మాట్లాడే తెలుగే, అదే యాస, అదే సాగదీత. ఇంత తక్కువమంది, ఇంత కలిసిపోయినవాళ్ళు 'ఎలిమెంట్' ఎలా అవుతారు? కాగలరు. దానికి సంఖ్య అక్కర్లేదు. హైదరాబాదులో ఏదైనా జరిగితే ఇక్కడ బస్సులో అత్తరు సాయిబుని ఎగాదిగా చూస్తారు. ఆ చూపుకి ముందే ఒక పేరు సిద్ధంగా ఉంది.

హైదరాబాదు సంగతే చూడండి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకొచ్చినవాళ్ళు చనిపోయారు. తర్వాత డజన్ల కొద్దీ ముస్లిం కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు. చిత్రహింసలు పెట్టారు. కోర్టుల్లో కేసులు నిలవలేదు. 2012 జనవరిలో ప్రభుత్వం కోర్టు వదిలేసిన 20 మందికి 3 లక్షల చొప్పున, అదుపులోకి తీసుకుని విడిచిపెట్టిన 50 మందికి 20 వేల చొప్పున పరిహారమిచ్చింది. దాంతోపాటు ఒక కాగితం కూడా ఇచ్చింది. క్యారెక్టర్ సర్టిఫికెట్. ఈ కాగితం దగ్గర మేం ఎక్కువసేపు ఆగిపోతాం. నిర్దోషి అని కోర్టు చెప్పాక ఇంకా క్యారెక్టర్ సర్టిఫికెట్ ఎందుకు కావాలి? ఎందుకంటే వాళ్ళ మీద పడ్డది నేరారోపణ ఒక్కటే కాదు. నేరారోపణని కోర్టు కొట్టేయగలదు. స్వభావం మీద పడ్డ ముద్రని ఏ సెక్షన్ కింద కొట్టేస్తుంది? మంచివాడని సర్కారు సంతకం పెట్టి ఇస్తే తప్ప ఉద్యోగమివ్వరు, ఇల్లు అద్దెకివ్వరు, పిల్లనివ్వరు. ఈ దేశంలో ఎంతమంది కుర్రాళ్ళకి తాము మంచివాళ్ళమని ప్రభుత్వం నుంచి కాగితం కావాల్సొస్తుంది? ఆ పరిహారం ఉత్తర్వుని కూడా హైకోర్టు 2013లో కొట్టేసింది. ఆ తర్వాత పట్టుకున్న వేరే ముద్దాయిలూ 2018 ఏప్రిల్‌లో నిర్దోషులుగా బయటికొచ్చారు. వాళ్ళకి ఏ క్యారెక్టర్ సర్టిఫికెట్టూ అవసరం పడలేదు.

అదే 2013 అక్టోబరులో మా విజయనగరం తగలబడింది. రాష్ట్ర విభజనకి వ్యతిరేకంగా జనం రోడ్లెక్కారు, ఆస్తుల మీద దాడులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. మర్నాటి పేపర్లు వాళ్ళని ఏమన్నాయి? సమైక్యవాదులు. ఆందోళనకారులు. రాయి విసిరినవాడికీ ఒక వాదముంది, ఒక ఆవేదన ఉంది, దాని పేరుతోనే పిలిచారు. అలా పిలవటం సరైందే అని మా అభిప్రాయం. కోపానికి కారణం ఉన్నప్పుడు ఆ కారణాన్ని పేరులో ఉంచటం న్యాయం. మక్కా మసీదు దగ్గర బాంబు పేలిన రోజు ఆగ్రహించిన గుంపుకి ఆ న్యాయం ఎందుకు దొరకదు అన్నదే మా ప్రశ్న. ఆ సాయంత్రం పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ళు ఏ వాదులు? 2010 జూలై 14న సోంపేటలో బీల భూముల కోసం నిలబడి పోలీసు తూటాలకి బలైనవాళ్ళకి రైతులన్న పేరు దక్కటానికి కూడా ఎంత పోరాడాల్సొచ్చిందో ఆ ఊళ్ళ చుట్టూ తిరిగినవాళ్ళకి తెలుసు. ఎవరి రాయి ఉద్యమం, ఎవరి రాయి అసాంఘికం అన్నది రాయిని చూసి నిర్ణయించటం లేదు.

'రౌడీ' కూడా ఇంతే. ఇంగ్లీషులో అల్లరిచిల్లరగా ఉండేవాడు అని తేలికైన మాట. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ 601 దాన్ని షీటు చేసింది, తెలుగు నోరు దాన్ని 'రౌడీషీటర్' చేసింది. ఇంగ్లండు నుంచొచ్చినవాడికి ఆ మాట అర్థం కాదు. తెలుగు సినిమాకి మాత్రం ఈ మాటంటే ప్రాణం. ఒక్క 1991లోనే 'రౌడీ అల్లుడు', 'అసెంబ్లీ రౌడీ', 'రౌడీగారి పెళ్ళాం' వచ్చాయి. మర్నాటి ఏడాది 'రౌడీ ఇన్‌స్పెక్టర్'. హీరో పక్కన రౌడీ అన్నది మగతనానికి బిరుదు. స్టేషన్ బోర్డు మీద ఫోటో కింద అదే మాట ఉన్న మా కుర్రాడి చెల్లెలికి సంబంధం కుదరదు. ఒక్క ఘటన చూపించి ఒకణ్ణి అలవాటుపడ్డ నేరస్తుడనటానికి వీల్లేదని 1987లోనే హైకోర్టు అంది. రాత్రిపూట ఇళ్ళకొచ్చి తలుపులు కొట్టటం తప్పని 1962లోనే ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ ఖరక్ సింగ్ మీద దోపిడీ కేసు సాక్ష్యం లేక ఎప్పుడో వీగిపోయింది, హిస్టరీ షీటు మాత్రం మిగిలింది. స్టాండింగ్ ఆర్డర్లు చట్టాలు కావు, వాటిని పట్టుకుని రౌడీషీట్లు తెరవటానికి లేదని 2022 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సింగిల్ జడ్జి అన్నారు. హిస్టరీ షీట్లలో కులాన్ని బట్టి పేర్లెక్కే అలవాటుని 2024 మేలో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అరవై ఏళ్ళుగా కోర్టులు అంటూనే ఉన్నాయి. ఈ తీర్పుల వార్తలు పేపర్లో ఏ పేజీలో వచ్చాయో, 'అసాంఘిక శక్తులు' ఏ పేజీలో వస్తాయో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పింది పోలీసుల గురించీ పత్రికల గురించీ. వాళ్ళని తిట్టటం సులువు, ఈ సంకలనం చదివే స్నేహితులు మాతో కలిసి తిడతారు కూడా. కష్టమైన మాట ఇంకోటుంది, అది మా ఇంటి గురించి.

పండగల ముందు శాంతి కమిటీ సమావేశాలు జరుగుతాయి. ఆర్డీవోనో డీఎస్పీనో మధ్యలో కూర్చుంటారు. ఒకవైపు ఉత్సవ కమిటీ పెద్దలు, ఇంకోవైపు మసీదు కమిటీ పెద్దలు. టీ, బిస్కెట్లు. మా పెద్దలు లేచి మాట్లాడతారు. 'మేం శాంతిని కోరేవాళ్ళం సార్. మాలో కొన్ని అసాంఘిక శక్తులుంటే ఉండొచ్చు. వాటితో మాకు సంబంధం లేదు. మీరు చర్య తీసుకోండి, మేం సహకరిస్తాం.' చప్పట్లు. ఈ మాటలు మేం ఎన్ని సమావేశాల్లో విన్నామో లెక్కలేదు. ఉర్దూలో మొహల్లాకి వచ్చి చెప్పేటప్పుడు అవే 'షర్‌పసంద్ అనాసిర్' అవుతాయి.

వాళ్ళు అప్పగిస్తున్నది ఎవర్ని? షాపున్న సేట్ కొడుకుని కాదు. పంక్చర్లు వేసేవాణ్ణి, లారీ మీద క్లీనరుగా పోయేవాణ్ణి, బడి మానేసి మటన్ కొట్టు దగ్గర కూర్చునేవాణ్ణి. అష్రాఫ్ ఇజ్జత్ కాపాడుకోవటానికి దూదేకుల, ఫకీరు, కసాయి పిల్లల్ని ఆ మాట కింద తోసేస్తున్నారు. బయటివాడు మొత్తం ఖౌముని అంటున్న మాటని మనం ఖౌములో కింద ఉన్నవాళ్ళ మీదికి జరుపుతున్నాం. ముస్లింవాదం దళితవాదం పక్కన నిలబడి పుట్టిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. అలాంటప్పుడు 'మేం ఉగ్రవాదులం కాం, మంచి ముస్లింలం' అన్న కవితల దగ్గరే ఎన్నాళ్ళు ఆగుతాం? మంచి ముస్లిం అన్న సర్టిఫికెట్ అడగటమంటే చెడ్డ ముస్లిం అనే గడి ఒకటి రిజిస్టరులో ఉండనివ్వమని ఒప్పుకోవటమే. ఆ గడిలో మన కంటే ముందు దండాసీ ఉన్నాడు, సవర ఉన్నాడు, ముత్యాలమ్మ ఉంది. మాకు మినహాయింపు ఇవ్వండి అని అడిగితే వాళ్ళని అందులోనే వదిలి మనం బయటికొచ్చేస్తామనే అర్థం. పైగా మనల్ని రానిచ్చేదీ లేదు.

నేరం చేసిన ముస్లింలు లేరని మేం అనటం లేదు. ఉన్నారు. మట్కా నడిపేవాడున్నాడు, గంజాయి మోసేవాడున్నాడు, అప్పు కింద ఆడపిల్లల్ని ఏడిపించినవాడున్నాడు. వాడు ఏం చేశాడో చెప్పండి, కేసు పెట్టండి, కోర్టులో రుజువు చెయ్యండి. జైలుకి పంపండి. మట్కావాణ్ణి మట్కావాడు అనటానికి మాకేం అభ్యంతరం లేదు, ఆ మాటలో వాడి పని ఉంది. రేపు వాడు మట్కా మానేస్తే ఆ మాట వాణ్ణి వదిలిపెడుతుంది కూడా.

డెస్కుల్లో పనిచేసే మిత్రులకి ఇది పెద్ద కష్టమైన పనేం కాదు. ప్రెస్‌నోట్‌లో 'యాంటీ సోషల్ ఎలిమెంట్స్' అని కనిపించగానే ఫోను తీసి ఎంతమంది, ఏం చేశారు, ఏ సెక్షన్ అని అడగొచ్చు. జవాబొస్తే అదే రాయొచ్చు. జవాబు రాకపోతే ఆ వార్తలో రాయటానికి ఏమీ లేదన్నమాట, ఆ నాలుగు అంగుళాలు పంట కాలవ గండి వార్తకి ఇవ్వొచ్చు.

ఇక శాంతి కమిటీల సంగతి. ఈసారి సమావేశంలో అధికారి 'మీలోని అసాంఘిక శక్తులు' అనగానే మావాళ్ళలో ఎవరో ఒకరు, తెల్ల షేర్వాణీ కాకపోయినా ఫర్వాలేదు, ఏ పంక్చర్ షాపు అహ్మదో లేచి 'ఎవరు సార్, పేరు చెప్పండి, ఏం చేశాడో చెప్పండి' అని అడిగితే ఆ గదిలో ఎవరెవరు ఎటు చూస్తారో చూడాలని ఉంది. ముందు వరసలో కూర్చున్న మా పెద్దలు ఎటు చూస్తారన్నది మరీను.